పరుగెత్తలేదు

ఉరకావాలో జులై పొద్దు మంచుతోనే లేస్తుంది.
సముద్రం వినబడుతుంది, కనబడదు.
గులకరాళ్ళ మీద నాచు పరవడానికి
ఎండ కోసం కాచుక్కూర్చున్న ఆడవాళ్ళ
రబ్బరు బూట్లు మాత్రం మసగ్గా తెలుస్తాయి.

ఒనోదెరా గారి కంచె దగ్గర కారాపి
సంచీలోంచి కాగితం తీశాను.
ఏడాది నిండిన గోడిగపిల్ల.
ఇంకా పేరు పెట్టలేదు.
పేరులేని దాని వెనక అరవై రెండు పేర్లు.

ఇద్దరు, నలుగురు, ఎనమండుగురు,
పదహారు, ముప్పై రెండు.
మనిషినడగండి ముత్తవ్వ తల్లి పేరు,
తల గోక్కుంటాడు.
గుర్రానికి ఆ తడుములాట లేదు.

పైన తండ్రి గీత, కింద తల్లి గీత.
అమ్మేవాళ్ళు పైనుంచి చూపిస్తారు.
నేను కిందినుంచి చదువుతాను,
అప్పుపత్రం చదివినట్టు.

మూడో తరంలో ఒకసారి, నాలుగులో ఇంకోసారి
అదే మగగుర్రం.
దాని నెత్తురు దీనిలో
పద్దెనిమిది పాయింట్ ఏడు అయిదు.
ఆ అంకెకు దండం పెట్టేవాళ్ళున్నారు మా వృత్తిలో.
నేను పెట్టను.
అది కూరలో ఉప్పు,
ఇంకాస్త చెయ్యి జారిందా
మోకాళ్ళు పెళుసు, బుర్ర తిక్క.

పెద్ద పందెం గెలిచిన పేరు నల్లగా, లావుగా అచ్చవుతుంది.
తల్లి వైపు ఆ నలుపు బహు పలచన.
అమ్మమ్మ పేరు పక్కన ఒకటే మాట:
పరుగెత్తలేదు.

వేలు అక్కడ ఆగింది.
యుకినోహాషి.
నాకు తెలిసిన పేరే.

పాతికేళ్ళ కిందట, ఇదే కంచె.
పెద్ద ఒనోదెరా బతికున్నాడు.
నాకు కొత్త ఉద్యోగం, కొత్త పెన్సిలు.
కారు దిగకుండానే, కాగితం స్టీరింగు మీద పెట్టుకుని
రాసిచ్చాను:
ఈ వరస ఎండిపోయింది, ఉంచుకోవడం దండగ.

దండగ అంటే ఏమిటని ఇక్కడెవరూ అడగరు.
గురువారం లారీ వస్తుంది.

అలాంటి కాగితాలు ఎన్ని రాశానో
లెక్క పెట్టలేదు.
లెక్కలే నా పని.

ఒనోదెరా గారు బార్లీ టీ తెచ్చారు.
"మీ కాగితం మా నాన్న ఎనిమిది మడతలు పెట్టి
కొట్టం తలుపు కింద దోపాడు,
గాలికి కొట్టుకోకుండా.
చాలా ఏళ్ళు పనికొచ్చింది" అన్నారు.
ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాను.
కాదు.

"మరి పరుగెందుకు పెట్టించలేదు?"
"శిక్షణకు పంపే డబ్బు ఆ ఏడు లేదు.
పైకప్పు కూలింది, అమ్మకి ఆపరేషను.
దాని కాళ్ళకేం, ఇనుము."

నేనింతకాలం ఆ మాటని
కాళ్ళ జబ్బుగా చదివాను.
అది ఇంటి కప్పు సంగతి.

టీ చల్లారింది.
నా పట్టిక ఎప్పుడూ నాతో ఒప్పుకుంటుంది,
నేను కొట్టేసినవాటికి మనవరాళ్ళుండరు కనక.
ఇది ఒక్కటే
తలుపు సందులోంచి జారి
కంచె పట్టుకుని నిలబడింది.

నిలబడి ఊరుకుందా,
మెడ చాచి కాగితం వాసన చూసి
పైమూల చప్పరించి కొరికింది.
తండ్రి తాత, జగమెరిసిన ఛాంపియను,
సగం నమిలేసింది.

"సరే, ఎంత పలుకుతుందంటారు?" అన్నారాయన,
నవ్వాపుకుంటూ.
"నడిపించండి" అన్నాను.
ఆ మాట పాతికేళ్ళ కిందట అనలేదు.

కుర్రాడు తాడు పట్టుకున్నాడు.
పది అడుగులకే ఇద్దర్నీ మంచు మింగింది.
గిట్టలు మాత్రం వినబడుతున్నాయి,
తడి గడ్డి మీద మెత్తగా,
తర్వాత కంకర మీద.
కళ్ళు మూసుకున్నాను.
మూడు సమంగా పడుతున్నాయి.
వెనక ఎడమది వెంట్రుకవాసి ఆలస్యం.

చిరిగిన అంచున రాసుకున్నాను.
తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ విందామని
పెన్సిలు చేతిలోనే ఉంచుకున్నాను.