మూడు మిల్లీమీటర్లు

పెట్టెలు విప్పకుండా రెండు రోజులు
గదిలోనే పడుకోబెట్టమని రాసుంది.
ఇంటి గాలికి అలవాటు పడాలట చెక్క.
నిజానికి చెక్క కూడా కాదది,
చెక్క ఫొటో కప్పుకున్న రంపప్పొట్టు.
అయినా మర్యాద మర్యాదే.
బ్యాలరాట్ జూలై చలిలో పదకొండు పెట్టెలు
హీటర్ పక్కన పెళ్ళికొచ్చిన చుట్టాల్లా పడుకున్నాయి.

ఈలోగా నేను రసమట్టం పట్టుకుని
మోకాళ్ళ మీద గదంతా పాకాను.
బుడగ ఎక్కడా మధ్యలో నిలవదు.
కిటికీ దగ్గర ఎడమకి, పొయ్యి దగ్గర కుడికి,
నిజం చెప్పమంటే చూపు తిప్పుకునే పిల్లలా.

మా మృణాళిని ఈ సంగతి
ఎప్పుడో కనిపెట్టేసింది, ఆకుపచ్చ గోళీతో.
తలుపు దగ్గర వదిలితే
అది నిదానంగా బయల్దేరి, సోఫా కాలు తప్పించుకుని,
ఒకచోట కాసేపు ఆలోచించి,
తిన్నగా తూర్పు మూలకి పోయి టక్కున ఆగేది.
నీరు పల్లమెరుగు. గోళీ ఇంకా బాగా ఎరుగు.
రోజూ స్కూలు నుంచి రాగానే ఒకసారి పంపించి
"చేరిందమ్మా" అనేది.

"రెండు మీటర్లకి మూడు మిల్లీమీటర్లు.
అంతకు మించి తేడా ఉంటే కీళ్ళు విరుగుతాయి,"
అన్నాడు పక్కింటి ట్రెజీస్,
డెబ్భై దాటిన వడ్రంగి, ఒక చెవి వినపడదు.
మాకు ఇరవై రెండుంది.
గోడ వారన బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి
నేలని గురి చూశాడు.
"కింద మొద్దులు కుంగాయి. మొద్దుల కింద మట్టి.
మట్టి కింద ఎవడికి తెలుసు,
బంగారం కోసం ఎవరి తాతో తవ్వి
పూడ్చకుండా పోయిన బొరియ."
టీలో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు.

ఫల్గుణ్ మిట్టలు తీసుకున్నాడు, నేను పల్లాలు.
మేకుల్ని లోపలికి దిగ్గొట్టి
అతను చిత్రిక పడుతుంటే
నూట పదేళ్ళ పైన్ చెక్క
నిన్న కోసినట్టు వాసనేసింది.
నేను తారుకాగితం కత్తిరించి
పల్లంలో ఒకదాని మీద ఒకటి పేర్చాను,
అరచేయంత, ఆ పైన జానెడు, ఆ పైన మూరెడు.

పొయ్యి ముందరి పల్లం వేరు.
అది కుంగలేదు, అరిగింది.
రెండు పాదాల వెడల్పున, కాస్త ఎడంగా.
ఎవరో అక్కడ నిలబడ్డారు, ఏళ్ళ తరబడి,
బరువంతా ఎడమ కాలి మీద వేసి.
చెప్పులు విడిచి నిలబడి చూశాను.
నాకూ ఎడమ కాలే.
ట్రెజీస్‌ని అడిగితే "హేజెల్," అన్నాడు.
ఎవరు హేజెల్ అంటే
వినపడని చెవి నావైపు తిప్పాడు.

ఆ పల్లంలో ఏడు కాగితాలు పడతాయి.
ఆరు పెట్టాను.
ఫల్గుణ్‌కి చెప్పలేదు.

ఆదివారం పరిచాం.
నాలుకని గాడిలో పెట్టి, దిమ్మతో తడితే, టిక్.
మళ్ళీ టిక్. నడుములు పోయాయి.
గోడ చుట్టూ వేలెడు సందు వదిలాం,
ఎండాకాలం ఒళ్ళు విరుచుకోడానికి.
చీకటి పడే వేళకి బుడగ నడిమధ్య కూచుంది,
పరీక్ష పాసైనట్టు.

మృణాళిని గోళీ తెచ్చి తలుపు దగ్గర వదిలింది.
కదల్లేదు.
వంగి ఊదింది. బెత్తెడు పోయి ఆగింది.
ఏం చేశారు దీన్ని, అన్నట్టు
మా ఇద్దరి మొహాలూ చూసింది.
మేం జవాబు వెతుక్కున్నాం.
అతను పనిముట్లలో, నేను గిన్నెల్లో.

అన్నం కలపడానికి పొయ్యి ముందు నిలబడ్డాను.
కాలి కింద నేల వెంట్రుక వాసి దిగింది,
కిర్రుమని కూడా కాదు, గొంతు సవరించుకున్నట్టు.
"అమ్మా, జరక్కు," అంది వెనక నుంచి.
గోళీని నాకు జానెడు దూరంలో పెట్టి
చెయ్యి తీసింది.

అది ఆలోచించింది.
గరిటె పట్టుకుని నేనూ ఆగాను,
బరువు ఎడమ కాలి మీదే ఉంచి.