చిక్కం

ఇరవై రెండేండ్లుగా గొట్టాలు కడగతా ఉండాను.
ఎవరి పరీక్ష తప్పినా
నా కుళాయి కిందికే వస్తాది.

తలకోన పక్కనించి చెంగమ్మ
గోనెసంచిలో పొడపత్రి తెస్తాది.
"నమిలి సూడు, బెల్లం ఇసకైపోతాది" అంటాది.
రెడ్డిరాణి మేడం ఆ ఆకును నీడన ఎండబెట్టి,
దంచి, స్పిరిట్టులో నానేసి, వడగట్టి
నల్లటి జిగురు దాకా తెచ్చింది.
మూడు నెల్లు.

గొట్టంలో గంజి. ఒక చుక్క అయోడిన్.
ఏడుకొండల మీద మబ్బు కమ్మినట్టు నీలం.
అందులో ఎంజైమ్ పోస్తే
గంజిని కొరికి కొరికి చక్కెర చేస్తాది,
నీలం వెలిసిపోతాది.
నా కడుపులోనూ అదే కత,
సంగటి ముద్ద దిగిన కాడినించి.
రుయాలో చీటీ మీద రాసిచ్చినారు:
రెండువందల ఎనభై.

ఈ పొద్దు ఆకు రసం ముందు పోసి
ఎంజైమ్ తరవాత పోసింది.
ఐదు నిమిషాలు.
పది.
నీలం కదల్లేదు.
కళ్లంలో ఎద్దు తిరగతానే ఉండాది,
గింజ ముట్టదు.
మా నాయిన దాని మూతికి చిక్కం కట్టేవోడే,
అట్లుండాది.

"అయితే ఇంక నాకు మాత్రలొద్దా మేడం?"
"గొట్టం వేరు, కడుపు వేరు మునెయ్యా.
ఇంకా ఎలకలుండాయి, ఏండ్లుండాయి.
మాత్ర మానినావో, చూడు!"

సాయంత్రం స్టాండులోవి అన్నీ కడిగినా.
ఆ ఒక్కటి చేతిలోకి తీసుకొని
కుళాయి తిప్పి,
మళ్లీ కట్టేసినా.