వంశవృక్షం

హొసకోట తాలూకాఫీసు, మూడో కిటికీ.
"పోయినోళ్ల తారీఖులు చెప్పండి" అన్నాడు కన్నడలో.

మాకు తారీఖులెక్కడివి సామీ.
బచ్చప్ప తాత పోయింది
పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచిన రాత్రి.
పురుగులు లేచాయి, ఆయన లేవలేదు.
అలికిడికి మేత మానేస్తాయని
అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని
తెల్లార్లూ ఆకేస్తూనే ఉంది.
తట్టల నిండా సన్నగా ఆ నమిలే చప్పుడు,
మా ఇంట్లో ఏడుపంటే ఇప్పటికీ నాకు అదే.

అక్కయ్యమ్మత్త మార్కెట్టు లారీలో పోయింది,
కొత్తిమీర మూటల మధ్య, నిద్రలోనే.
కలాసిపాళ్యంలో దించేటప్పుడు హమాలీ
మూట ఒకటి ఎక్కువొచ్చిందన్నాడట.
ఆ పొద్దు కొత్తిమీరకు మంచి ధర.
ఆ డబ్బుతోనే ఆమెను ఇంటికి తెచ్చారు.

గుర్రప్ప చిన్నాయన,
పన్నెండొందల అడుగుల బోరులో దుమ్ము లేచిన వారం.
ఎట్లా పోయాడని ఆ కాగితంలో గడి లేదు.
లేకపోవడమే మేలైంది.

గుమాస్తా రాస్తున్నాడు.
మా తెలుగోళ్లందరూ కన్నడ అక్షరాల్లో
తలకట్లు మార్చుకుని కూర్చుంటున్నారు.
రింగురోడ్డు పరిహారానికి ఈ చెట్టు చాలట.

"ఇంకెవరైనా?"
నాకంటే ముందు అమ్మకు ఒకతి పుట్టింది. పదకొండు రోజులు.
"పేరు?"
పెట్టలేదు.
"అయితే వద్దులెండి."

బయట బెంచీ మీద అమ్మ
"దాన్ని రాయించినావా?" అంది.
రాయించినానన్నా.
ఏ పేరుతో అని అడగలేదు,
చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ.