తూకం

గొంబద్ ఆసుపత్రిలో బుధవారం తూకాల రోజు.
ఓగుల్‌బీబీ చెప్పులు విడిచి
ముల్లు వైపు చూడకుండా ఎక్కింది.
నలభై రెండు.
పోయిన వారం నలభై ఒకటే.

సంతోషపడ్డాను, ఒప్పుకుంటాను.
నలభై రెండుకి తగ్గితే మందు ఎక్కించరు మరి.
"ఏం తిన్నావమ్మా?"
"రొట్టె" అంది, కొంగు సర్దుకుంటూ.

ముప్పై ఏళ్ళు తందూరులోకి జబ్బదాకా చెయ్యి దూర్చి
వీధి వీధికంతా రొట్టె కాల్చిన మనిషి.
ఇప్పుడు పలచటి పాలు కూడా
గొంతులో ఆగి, కాసేపు ఆలోచించుకుని,
వెనక్కొచ్చేస్తాయి.

బీపీ పట్టీ చుట్టబోతే చేతికి ఏదో గట్టిగా తగిలింది.
మణికట్టున నిలవని పెళ్ళినాటి వెండి కడియాలు
పైకి జరిపి, గుడ్డతో బిగించి కట్టుకుంది.
గౌను లోపల, ఎదమీద, ఇంకో వెండి పలక.

"అదీ నా ఒంటిమీదిదే కదా" అంది చివరికి.

అన్నీ తీయించి మళ్ళీ ఎక్కించాను.
నలభై.
కాయితం మీద కొట్టేసి రాస్తుంటే
కలం రెండుసార్లు ఆగింది.

డాక్టరు తలుపు తట్టాను:
మందు సంగతి తర్వాత,
ముందు ఈమెకి ముద్ద దిగే దారి చూడండి.

తిరిగొచ్చేసరికి
కడియాలు నా బల్లమీద
ఒకదానిమీదొకటి,
వేడి రొట్టెలు పేర్చినట్టు.