వద్దన్నవాడు

మొగల్తూరు దాటాక, రొయ్యల చెరువు గట్టు మీద
రేకుల గదిలో ముగ్గురం.
బయట ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
లోపల ఒక్కటే లాప్‌టాప్,
దాని ఫ్యానూ తక్కువేం కాదు.

యేసుపాదం మంత్రగత్తెని ప్రేమిస్తాడు.
ఆట మొదలెట్టడం ఇది నాలుగోసారి.
నాలుగుసార్లూ ఆమెనే.
"ఈసారి వేరేవాళ్ళని చూద్దామనే అనుకుంటానండి,
రెండో అధ్యాయంలో వానలో నిలబడి ఓ మాట అంటది చూడండి,
అక్కడ జారిపోతాను" అంటాడు,
మేత బస్తా మీద కాళ్ళు ముడుచుకుని.

బుల్లబ్బాయి లెక్కల మనిషి.
ఏం చేస్తే ఎవరికి ఎంత ఇష్టం పెరుగుతుందో
చెక్‌ట్రే పుస్తకం వెనక పేజీల్లో రాశాడు.
వెండి దువ్వెనకి అయిదు.
కోట గుమ్మంలో బిచ్చగాడికి దానం చేస్తే మూడు.
పాత యుద్ధం సంగతి అడక్కుండా ఊరుకుంటే రెండు.
ముందు పేజీల్లో మేత కిలోలు, చచ్చిన రొయ్యలు.
"రొయ్యకి మేత, మనిషికి మాట. అంతేగా?"
మొన్న వైట్‌స్పాట్ తగిలి ఎకరంన్నర పోయింది.
ఏ అంకె తప్పిందోనని
ఇప్పటికీ వేలు పెట్టి వెతుకుతుంటాడు.

నేను భీమవరం ల్యాబ్ నుంచి వచ్చేదాన్ని.
తెల్లారగట్ల నీళ్ళలో ఊపిరి ఎంతుందో కొలవాలి,
అందాకా మేలుకోవాలి.
నాకు నచ్చినవాడు విలుకాడు కేడ్రన్.
వాణ్ణి ప్రేమించడానికి వీల్లేదు.
ఆట చేసినవాళ్ళు ఆ దారే వెయ్యలేదు.

యాభై గంటలు వాడి పక్కన నడిచాను.
వాడి చెల్లెలి ఎముకలు మూడు రాజ్యాల అవతల నుంచి
మూటగట్టి తెచ్చిచ్చాను.
ఆ రాత్రి నెగడు దగ్గర తెర మీద మూడు జవాబులు.
గుండె బొమ్మ దేనికీ లేదు.
అయినా మూడోది నొక్కాను: "నీతో ఉండిపోనా?"
"నువ్వుంటే బాగుంటుంది. కానీ వద్దు," అని
బాణాలకి ఈకలు కట్టుకోవడంలో పడ్డాడు.

యేసుపాదానికి మండింది.
"డబ్బులు పోసి కొన్న ఆటండి,
అందులో ఓ మనిషిని మాత్రం దాచుకుంటారా!"
బుల్లబ్బాయి నవ్వి మోడ్ ఒకటి దించాడు,
ఎవరో అభిమాని చేసిందట.
అదే గొంతు,
ఎక్కడెక్కడో అన్న మాటల్ని కోసి అతికించారు.
మళ్ళీ నెగడు, మళ్ళీ నా ప్రశ్న.
విలుకాడు "అవును" అన్నాడు.

ఆ అవును నాకు తెలుసు.
వంతెన దగ్గర, గుర్రాలకి నీళ్ళు పెట్టావా అంటే
చెప్పిన అవును.

తీసెయ్యమన్నాను.
నాకూ ఒకసారి అలాంటిదే దొరికింది.
నర్సాపురం రేవులో పంటు ఎక్కుతూ,
టిక్కెట్టు చిల్లర లెక్కపెట్టుకుంటూ ఒకతను అన్నాడు.
సఖినేటిపల్లి ఒడ్డు తగిలేసరికి
అతనికి గుర్తులేదు.

మూడుంపావుకి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగితే
చెవుల్లో ఏదో కూలినట్టుంటుంది.
పరిగెత్తాం. యేసుపాదం జనరేటర్ హ్యాండిల్ తిప్పుతూ
దేవుణ్ణీ డీజిల్‌నీ కలిపి తిట్టాడు.
బుల్లబ్బాయి టార్చి వేశాడు:
రొయ్యలు గట్టువారకి చేరి మీసాలు పైకెత్తాయి.
మీటర్ దించాను. రెండున్నర.
ఎవరం మాట్లాడలేదు.
నాలుగో గుంజుకి ఇంజను దగ్గింది, పట్టుకుంది.

మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చాం.
లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.
ఆట ఆపడం మర్చిపోయాం.
నెగడు మండుతోంది.
వాడు ఈకలు కడుతూనే ఉన్నాడు.

"మనకోసం కూచున్నాడండి ఇంతసేపూ," అన్నాడు యేసుపాదం.
"అది బొమ్మరా," అన్నాడు బుల్లబ్బాయి,
అయినా మూత వెయ్యలేదు.
నేను పుస్తకం తిరగేశాను.
ముందు పేజీ అనుకుని వెనక పేజీలో రాసేశాను,
వెండి దువ్వెన కింద:
నాలుగూ పది. మూడు పాయింట్ ఒకటి.
పెరుగుతోంది.