ఇరవై మూడు కిలోలు

తూకం ఆటోనగర్ మూడో రోడ్డులో,
పాత ఇనుము కొనే పిచ్చేశ్వర్రావు కాటా మీద.
మనిషికి ఇరవై మూడు కిలోలు, విమానం వాళ్ల లెక్క.
బేసు డ్రమ్ము ఎక్కిస్తే
ముల్లు వణికి వణికి ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది.
"కిలో ఎంతకిస్తారమ్మా?" అన్నాడాయన, అలవాటు కొద్దీ.
ఎవరం నవ్వలేదు.
కాసేపాగి అందరం నవ్వాం.

లారీల ఆయిలు మోసి మోసి, ఎండలో దొర్లుతున్న డ్రమ్ములివి.
నాగూర్ మీరా మేస్త్రి ఒక్కోదాన్నీ వేలితో తట్టి, చెవి ఆనించి,
పుచ్చకాయ బేరమాడినట్టు ఏరుకొచ్చాడు.
సమ్మెటతో అడుగును గిన్నెలా దించాడు.
సుద్దతో గీసి, పంచితో పొడిచి గళ్లు కట్టాడు.
పాత టైర్ల మంట మీద కాల్చి నీళ్లు గుమ్మరిస్తే
ఆ కంపుకి మా షెడ్డు పిల్లి రెండ్రోజులు కనబడలేదు.
ఆనక చిన్న సుత్తి.
గడిలో నక్కిన స్వరాన్ని
బానెట్టు సొట్ట తీసినట్టు, కొంచెం, ఇంకొంచెం,
పైకి రప్పించాడు.

ఎక్కడ నేర్చాడంటే
ఓడ మీద వంటపని చేసొచ్చిన బావమరిది ఫోనులో
మూడు నిమిషాల వీడియో.
మిగతాదంతా నలభై ఏళ్ల బానెట్లే.

నా పేరు దీనమ్మ. లారీ సీటు కవర్లు కుడతాను.
పుల్లల కొసకి చుట్టిన సైకిలు ట్యూబు నా చేతి పనే.
నా ముందున్న ఈ టెనరు
బుడమేరు ఇళ్ల మీదికొచ్చిన ఏడు తెప్పకి కట్టిన డ్రమ్ము.
సింగ్‌నగర్‌లో మేడ మీంచి ఒక బాలింతని దించింది.
దీని "గ" కొడితే ఇప్పటికీ ఎక్కడో తడి వినబడుతుంది.
మేస్త్రి సరిచెయ్యడు. "ఉండనీవే" అంటాడు.

వెళ్లేది ట్రినిడాడ్. ఈ వాయిద్యం పుట్టిన ఊరు.
బేసులు వాళ్లే ఇస్తారట.
అక్కడ మురికివాడల్లో డబ్బాలు కొట్టి మొదలెట్టినవాళ్ల మనవలు
ముందు వరసలో కూర్చుంటారట.
కరుణాకర్‌కి ఇప్పట్నుంచే కడుపులో తిప్పుతోంది.

దారిలో లండన్‌లో విమానం మారాలి. దానికో వీసా.
హైదరాబాదులో వేలిముద్రల అద్దం మీద
మేస్త్రి చెయ్యి పెట్టాడు. ఏమీ పడలేదు.
తుడిచి పెట్టాడు. నిమ్మచెక్క రుద్ది పెట్టాడు.
ఎమరీ కాగితం, యాసిడ్, సుత్తి పిడి
ఎప్పుడో నున్నగా తినేశాయి గీతల్ని.
మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లాడు.
మా అందరివీ వచ్చాయి.
ఆయన కాగితం ఇంకా ఏ బల్ల మీదుందో,
మా విమానం మాత్రం గురువారం.

నిన్న రాత్రి షెడ్డులో నన్ను పిలిచి
సుత్తి నా చేతికిచ్చాడు.
"విమానం కడుపులో చలికి ఇనుము ముడుచుకుంటది.
ఒకట్రెండు జారతాయి. కంగారు పడమాక.
కొట్టేముందు ఇను. ఇన్నాక సగం దెబ్బే కొట్టు.
తెలీకపోతే ఫోను డ్రమ్ములో పెట్టు, నే చెబుతా."
"అక్కడ పగలైతే ఇక్కడ అర్ధరాత్రి, మేస్త్రీ."
"అయితే?"

ఇవాళ కాటా మీద నా పెట్టె
సుత్తితో కలిపి ఇరవై మూడుంబావు.
కొత్త చెప్పులు తీసేశాను. ముల్లు దిగింది.

ఆఖరి రిహార్సలుకి బేసు లేదు.
దాన్ని బోర్లించి మేస్త్రి దాని మీదే కూర్చున్నాడు,
పొట్లంలో పునుగులు తింటూ.
మేం ఎత్తుకున్నాం.
రెండో చరణం దాకా నేను చూడలేదు,
ఆయన మడమ
డ్రమ్ము పక్కన మెల్లిగా, మెల్లిగా,
మాకు వినబడకుండా
బేసు వాయిస్తోంది.