రెండో చుక్క

తెల్లారుజామున చెరువుల్లో ఊపిరి తక్కువ.
రాత్రంతా పీల్చుకోగా మిగిలిన కాస్త గాలినీ
ఏరేటర్లు చిలికి చిలికి పోస్తా ఉంటాయి.
ఆక్సిజన్ నాలుగుకి దిగిందా,
ఇక రొయ్య మేత ముట్టదు, గట్టుకి చేరుతుంది.
పగలు ల్యాబు బల్ల వెనక కూర్చుని
రైతులకి నేను చెప్పే లెక్క ఇది.

ఆ వేళకి నేను రోడ్డు మీద ఉంటా,
ఇందుకూరుపేట దాటి, మైపాడు వైపు.
నడుముకి గుడ్డసంచి. అందులో
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద మిషను,
సూదులు, దూది, చిన్న నీళ్ళ సీసా,
లెక్కపెట్టి దాచుకున్న పట్టీలు.
ఒక్కో పట్టీ నా అరపూట జీతం.

ఆరు నిమిషాలు పరుగు. ఆగు.
వేలు కడుగు, తుడు, ఇంకోసారి తుడు.
వేలి కొసన కాదు, పక్కన, అంచు మీద
టిక్.
మొదటి చుక్కని దూదికిచ్చేస్తా.
రెండో చుక్కే మాట్లాడాల్సింది.
పట్టీ దాన్ని తనంతట తనే లాక్కుంటుంది,
పదిహేను సెకన్లు
నా గుండె చప్పుడూ దూరంగా ఏరేటరు చప్పుడూ
ఒకదాని మీదొకటి.
ఒకటి పాయింటు నాలుగు.
మళ్ళీ పరుగు, ఈసారి కొంచెం జోరుగా.

మొట్టమొదటి రోజు తొమ్మిది పాయింటు ఎనిమిది చూపించింది,
నడకకి నాలుగడుగులు ఎక్కువ, అంతే పరిగెత్తా.
కాలవ వంతెన మీద కూలబడి
చచ్చిపోతానేమో అనుకున్నా.
చెమట అంటింది చుక్కకి. చెమటలోనూ అదే సరుకు.
కడగని కూల్‌డ్రింకు సీసాలో
చెరువు నీళ్ళు పట్టుకొచ్చిన చెంచురామయ్యని
ఆ వారం ఏమేం అన్నానో
అవన్నీ నన్ను నేనే అనుకున్నా.

ఎనిమిదేళ్ళు దమ్ము మాట విన్నా.
నోట్లో ఇనప రుచి తగిలితేనే
పరిగెత్తినట్టు.
మిషను ఒప్పుకోలేదు.
రెండు దాటొద్దంది, నెలల తరబడి.
రెండు దాటకపోవడమంటే
పాలక్యాన్ల సైకిలు పెంచలయ్య నన్ను దాటిపోవడం,
పోతా పోతా వెనక్కి తిరిగి జాలిగా చూడడం.

మైపాడు ముందు మలుపులో మస్తానయ్య టీ బంకు.
ఆరో మెట్టు అక్కడే అయిపోతుంది నాకు.
బంకు లైటు కింద వేలు నొక్కుతా ఉంటే
"ఏందమ్మా, షుగరా? ఈ వయసుకే?"
రొప్పుతా తల ఊపా,
అవుననో కాదనో నాకే తెలీదు.
ఆయన తన వేళ్ళు చాపాడు. పది వేళ్ళూ జల్లెడ.
"నాది రెండొందల నలభై. నీదెంత?"
"నాలుగు పాయింటు ఒకటి."
"నాలుగా!" గరిటె గిన్నెలో పడింది.
"ఆ మిషను కాలవలో పారెయ్ తల్లీ,
నాలుగుంటే మనిషి లేచి నిలబడతాడా?"

ఆ రోజు నుంచి నాకు చక్కెర లేని టీ.
ఆ క్షణాన ఒళ్ళంతా చక్కెరకే అరుస్తా ఉంటుంది.
చెప్పలేదు. తాగుతా ఉండా.
సగం గ్లాసు అయ్యేసరికి ఆయనే అడుగుతాడు,
"ఇయ్యాల ఎంత?"
ఆయన అంకె వందల్లో, నాది వేళ్ళ మీద,
ఇద్దరం తలలు పంకిస్తాం.

రికార్డు పుస్తకం ఆఖరి పేజీలో గీత గీస్తా.
చాలా దూరం గట్టులా చదునుగా పోయి
ఒక్కచోట లేస్తుంది.
చెరువుకి నాలుగు కింద భయం, నాకు నాలుగు పైన.
మధ్యలో ఎక్కడో
నేను గంటసేపు ఉండగల చోటు ఒకటుంది.
సంక్రాంతికి ఒకచోట, శివరాత్రికి
రెండు కరెంటు స్తంభాల అవతల.
అంతే. రెండు స్తంభాలు.
వాటి కోసం ఎన్ని పట్టీలు పోయాయో
మా అమ్మకి చెప్పలేదు.

తొమ్మిదింటికి ల్యాబు.
చెంచురామయ్య సీసా తెచ్చాడు, ఈసారి కడిగిందే,
మూడుసార్లు కడిగానని మూడుసార్లు చెప్పాడు.
మూత తిప్పుతుంటే నీళ్ళు వేళ్ళ మీదికి ఒలికి
ఆరు చోట్ల చురుక్కుమంది.
ఆరోది ఎక్కువ.
"ఏమైందమ్మా, నీళ్ళు బాలేవా?" అన్నాడు భయంగా.
బాగున్నాయన్నా.
కాగితం మీద రాశా:
ఉప్పు, పద్దెనిమిది.